మెల్లగా మోగే ఎముకలు

డిలియా క్రెమిన్ మణికట్టును టెరెన్స్ కల్లోటీ పట్టుకున్నది ఫిబ్రవరి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మూడో పోల్కా నాట్యపు పాట మధ్యలో, ఆమె ఎముకల జతతో తాళం వేస్తుండగా. గట్టిగా పట్టుకోలేదు. పసిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకునేటప్పుడు పెద్దవాళ్ళు ఎలా పట్టుకుంటారో అలా పట్టుకున్నాడు. అదే ఆమెకి ఇంకా మండింది.

గాల్విన్ పబ్బులో కిటికీ పక్కనున్న పెద్ద బల్ల చుట్టూ ఆ వేళ తొమ్మిది మంది ఉన్నారు. టెరెన్స్ అకార్డియన్ ఆపేసరికి మిగతావాళ్ళు నాలుగు స్వరాలు ముందుకెళ్ళి, ఏమైందో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. ఫ్లూటు వాయించే కన్సెప్టా అందరికంటే చివర ఆగింది.

"డిలియా, పైకప్పు పెంకులు పగులుతున్నట్టుంది," అన్నాడతను నవ్వుతూనే. "మెల్లగా మోగే ఎముకల జత ఏదైనా ఉంటే తెచ్చుకో. లేదంటే వాటిని జేబులో పెట్టుకో."

బార్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అతను చెయ్యి తీసేదాకా డిలియా ఆ చెయ్యి వంకే చూసింది. ఆగిపోయిన పోల్కాలో ఇంకా ఎనిమిది ఆవర్తాలు మిగిలున్నాయి. ఆ ఎనిమిదీ ఒక్కతే వాయించింది, పాట లేకుండా, ఉత్త ఎముకలతో, ఒక్క దెబ్బ తప్పకుండా. ఆఖరి దెబ్బ పడ్డాక ఎముకలు జేబులో వేసుకుని, కోటు తొడుక్కుని, సగం తాగిన గ్లాసు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత పన్నెండు ఆదివారాలు ఆ గడప తొక్కలేదు.

డిలియాకి యాభై ఏడేళ్ళు. నాక్‌బర్రా ఊరికీ, దాని చుట్టూ ఉన్న కొండవాలు ఇళ్ళకీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉత్తరాలు పంచుతోంది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి మనిషి కరుస్తాడో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె చేతిలో మోగే ఎముకలు వాళ్ళ నాన్న బాట్ క్రెమిన్ చేసుకున్నవి. జానెడు పొడుగు ఎద్దు పక్కటెముకలు రెండు, ఉడకబెట్టి, గీకి, పొగగొట్టం పక్కన ఆరబెట్టినవి. ఒకటి అరచేతికి ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండోది వేళ్ళ మధ్య వదులుగా వేలాడాలి. మణికట్టు ఆడిస్తే రెండూ కొట్టుకుంటాయి. చూడ్డానికి అంతే. చెయ్యడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

బాట్ క్రెమిన్ కాలంలో నాట్యమంటే వంటింట్లోనే. రాతి పలకల నేల, మేకుల బూట్లు, ముప్ఫై మంది జనం, వాళ్ళందరికీ ఒకే ఒక్క ఫిడేలు. ఆ గోలలో లయ వినబడాలంటే ఎముకలు అరవాల్సిందే. ఆయనకి ఎవరూ మెల్లగా వాయించమని చెప్పలేదు. ఇంకా గట్టిగా అని కేకలేసేవాళ్ళు.

టెరెన్స్ చెడ్డవాడేం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. పదేళ్ళ కిందట ఊళ్ళో ఆదివారం వాయింపు పూర్తిగా అడుగంటిపోయినప్పుడు దాన్ని లేపి నిలబెట్టింది అతనే. బడిపిల్లలకి ఉచితంగా నేర్పుతాడు, పోటీలకి తీసుకెళ్తాడు, కప్పులు గెలిపించుకొస్తాడు. ఊరంతా అతనికి రుణపడి ఉన్నట్టు ప్రవర్తిస్తుంది కాబట్టి అతని మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. రానురాను ఆ బల్ల దగ్గర పాటలు వేగం పుంజుకున్నాయి, నిగనిగలాడాయి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా అతనే చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ నవ్వుతూనే.

ఏప్రిల్ మధ్యలో ఒక మంగళవారం డిలియా నోనీ టాంగ్నీ ఇంటికి పింఛను కాగితం తీసుకెళ్ళింది. నోనీకి ఎనభై నాలుగేళ్ళు. కొండమీద ఆఖరి ఇల్లు ఆమెది. ఊళ్ళో ఫిడేలు పట్టిన వాళ్ళలో సగం మంది ఆ వంటింట్లో, ఆ పొయ్యి పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. కిందటి చలికాలంలో మంచుమీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అతికింది గానీ కమాను మీద మునుపటి బలం లేదు.

టీ, బ్రౌన్ బ్రెడ్ బల్లమీద పెట్టి, తను కూడా పబ్బుకి వెళ్ళడం మానేశానని నోనీ చెప్పింది. డిలియాకి ఆ సంగతి తెలియదు. మార్చి ఆఖర్లో ఒక ఆదివారం నోనీ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఒక స్లైడ్, పాతకాలపు నాట్యం పాట, ఎత్తుకుందట. రెండో భాగంలోకి వచ్చేసరికి బల్ల దగ్గర అందరూ ఇంకేదో జోరైన రీల్ పాట మొదలుపెట్టేశారట. ఆమె కాసేపు వాయించి, కమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

"కావాలని చేసుంటే పోట్లాడేదాన్ని," అంది నోనీ. "వాళ్ళకి వినబడలేదంతే. వినబడకపోవడం మీద ఎవరితో పోట్లాడను?"

ఆ స్లైడ్ ఒకసారి వినిపించమని డిలియా అడిగింది. నోనీ గోడకున్న ఫిడేలు తీసుకుంది. పాట ఇదివరకటిలాగే ఉంది. ఆ ఒంపులన్నీ ఉన్నాయి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటోంది. చప్పుడు మాత్రం పక్కగదిలోంచి వస్తున్నట్టుంది. డిలియా ఆగలేకపోయింది. అలవాటుగా జేబులోంచి నాన్న ఎముకలు తీసి లయ కలిపింది. నాలుగు ఆవర్తాలు గడిచాయో లేదో నోనీ కమాను ఆపింది.

"తిట్టడం లేదు పిల్లా," అంది. "నా పాట నాకే వినబడటం లేదు."

డిలియా ముఖం కందిపోయింది. చేతిలో ఎముకల వంక చూసుకుంది. మెల్లగా వాయించి చూస్తానని మళ్ళీ మొదలుపెట్టింది. ఎద్దు ఎముక మెల్లగా వాయిస్తే మెత్తబడదు, తడబడుతుంది. మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుంది.

ఉత్తరాల వ్యానులో కూర్చున్నాక స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టింది గానీ బండి తియ్యలేదు. ఒకే విషయం ఆమెని తొలిచేస్తోంది. టెరెన్స్ అన్న మాట అబద్ధం కాదు. ఆ ఎముకలు గోలే. అన్న పద్ధతి తప్పు, పట్టుకోవడం తప్పు, నవ్వడం తప్పు. ఆ మాట ఒక్కటీ నిజం. తొమ్మిది వారాలు మోసిన కోపంలో ఆ ఒక్క ముక్క ఇప్పుడు పంటికింద రాయిలా తగిలింది. కానీ అతని పెద్ద బల్లకి ఎముకలు గోలైతే, నోనీ ఫిడేలుకి ఆ పెద్ద బల్లంతా గోలేగా. అది ఎవరూ చెప్పలేదే. ఆ ఆలోచన రాగానే ఇంజన్ స్టార్ట్ చేసింది.

శనివారం పొద్దున్నే హంఫ్రీ కెల్లిహర్ షెడ్డుకి వెళ్ళింది. హంఫ్రీ నలభై ఏళ్ళు కసాయి కొట్టు నడిపి, కొడుక్కి అప్పజెప్పి, ఇప్పుడు ఇంటి వెనక ఎముకల జతలు చేసి అమ్ముకుంటున్నాడు. ఎద్దు శరీరంలో ఏ ఎముక ఎంత మోగుతుందో అతనికి వేళ్ళతో తట్టకుండానే తెలుసు. షెడ్డు నిండా ఎముక పొడి వాసన, గోడల పొడుగునా మేకులకి వేలాడే జతలు.

డిలియా తనకి కావలసింది చెప్పింది. హంఫ్రీ ఆకురాయి పక్కన పెట్టి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఫిబ్రవరి సంగతి అతనిదాకా ఎప్పుడో వచ్చింది.

"టెరెన్స్ పంపాడా?"

"టెరెన్స్ పంపితే వచ్చేదాన్నైతే తొమ్మిది వారాలు ఇంట్లో ఎందుకు కూర్చుంటాను?"

"మరెందుకు? బాట్ క్రెమిన్ కూతురికి మెల్లగా మోగేవి కావడమేంటి? మీ నాన్న వాయిస్తే మా ఇంట్లో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి."

నోనీ కోసం అని చెప్పింది. హంఫ్రీ ముఖంలో ఎకసెక్కం పోయింది. లేచి వెళ్ళి మూలనున్న కరెంటు కెటిల్‌లో నీళ్ళు పోసి మీట నొక్కాడు. అది టీ కోసం కాదట. నీళ్ళు కాగడం మొదలుపెట్టినప్పుడు సన్నగా ఒక రొద వస్తుంది. ఎముకలు వాయిస్తుండగా ఆ రొద వినబడితే ఆ జత మెల్లగా మోగేదన్నమాట. వినబడకపోతే గోడకి తగిలించెయ్యడమే. నోనీ ఫిడేలు ఇప్పుడు ఆ కెటిల్‌కంటే పెద్ద గట్టిగా ఏమీ ఉండదని అతనే అన్నాడు.

మొదట పెయ్యదూడ పక్కటెముకలు ఇచ్చాడు. సన్నగా ఉన్నాయి, తేలిగ్గా ఉన్నాయి. మోగిస్తే గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు కీచుమన్నాయి. తర్వాత హాలీ అనే చెట్టు తెల్లటి చెక్కవి. అవి కొరడా దెబ్బల్లా పేలాయి. బోగు అనే చిత్తడి నేల బురదలో వేల ఏళ్ళు నాని నల్లబడిన ఓక్ చెక్కవి తీసిచ్చాడు. చూడ్డానికి రాజుల సొత్తులా ఉన్నాయి, చేతికి చల్లగా, నున్నగా. డిలియాకి వాటిమీద మనసు పోయింది కూడా. కానీ వాయించడం ఆపాక కూడా వాటి మోత గదిలో తిరుగుతూనే ఉంది. కెటిల్ ఎప్పుడు కాగిందో ఇద్దరికీ తెలియలేదు. హంఫ్రీ నీళ్ళు పారబోసి, చల్లనీళ్ళు పట్టి, మళ్ళీ మీట నొక్కాడు.

నాలుగోది ఒక గుడ్డసంచిలోంచి తీశాడు. లోపలివైపు దళసరి ఉన్నిబట్ట అంటించిన జత. అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన పక్కింటివాళ్ళ పోరు పడలేక చేయించుకున్నాడట, డబ్బు కట్టాడు గానీ తీసుకెళ్ళడానికి మళ్ళీ రాలేదట. డిలియా వాయించింది. కెటిల్ రొద స్పష్టంగా వినబడింది. ఎముకలే వినబడలేదు. గడ్డివామిని కొడుతున్నట్టు దబ్‌దబ్‌మంది, దెబ్బకీ దెబ్బకీ తేడా లేదు. ఆమె వాటిని బల్లమీద పెట్టేసింది.

"మెల్లగా ఉండేవి కావాలన్నావుగా," అన్నాడు హంఫ్రీ.

"మెల్లగా మాట్లాడేవి కావాలన్నాను. నోరు కుట్టేసినవి కాదు."

హంఫ్రీ గడ్డం గోక్కున్నాడు. మీ నాన్న ఎముకల్లో ఒకటి ఉంచుకుని, దానికి జతగా మెత్తటి చెక్కది ఒకటి చేసిస్తాను, చప్పుడు సగానికి సగం పడిపోతుంది అన్నాడు. డిలియా చెయ్యి తెలియకుండానే జేబుమీదికి పోయింది. వాటిని విడదీసే ప్రశ్నే లేదంది. అవి గోల చెయ్యడానికే చేసినవి, చేస్తే చెయ్యనీ, వాటిని ఎవరికోసమూ తగ్గించేది లేదంది. ఇంతసేపూ మెల్లదనం వెతుక్కుంటున్న మనిషి అంత గట్టిగా అనేసరికి హంఫ్రీకి నవ్వొచ్చింది.

మూడోసారి కెటిల్ కాగేలోపు ఇంకో అయిదు జతలు అయ్యాయి. ఏదీ కుదర్లేదు. ఒకటి మెల్లగా ఉంది గానీ బద్ధకంగా ఉంది. ఇంకొకటి చురుగ్గా ఉంది గానీ రెండో పాటకే తలనొప్పి తెప్పించేలా ఉంది. డిలియా వేళ్ళు పీకడం మొదలైంది. అప్పుడు ఆమె కళ్ళు కిటికీ చట్రానికి వేలాడుతున్న రెండు పాలిపోయిన చెక్కల మీద పడ్డాయి. పెన్సిలు గీతలు, అంకెలు వాటినిండా.

"అవి అమ్మకానికి కాదు, అవి అసలు ఎముకలే కాదు," అన్నాడు హంఫ్రీ. "కొలతకి పెట్టుకున్నవి. పక్కటెముక మీద పెట్టి గీత గీసుకుంటాను. వాగు పక్క విల్లో చెట్టు కొమ్మ ఎండితే కోశాను."

డిలియా అప్పటికే వాటిని దింపి వేళ్ళ మధ్య దూర్చింది. ఏమీ బరువు లేదు. ఎద్దు ఎముకకి అలవాటైన మణికట్టు మొదటి దెబ్బకి అతిగా ఊగింది. ఊపు తగ్గించింది. విల్లో చెక్కలు పలికాయి. పొయ్యిలో ఎండుపుల్లలు విరుగుతున్నట్టు పొడిగా, చిన్నగా, ఒక్కొక్కటీ వేటికది విడిగా. త్వరగా మూడేసి దెబ్బలు వేసింది, మూడూ వినబడ్డాయి. వాటి వెనక కెటిల్ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. అదీ వినబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు తెర్లి మీట దానంతటదే టప్‌మని పడేదాకా ఆమె ఆపలేదు.

విల్లో మెత్తటి చెక్క, రెండేళ్ళకి అరిగిపోతాయని హంఫ్రీ హెచ్చరించాడు. అరిగితే మళ్ళీ వస్తానంది. అతను సణుక్కుంటూ వాటిని ఇంకో చెక్కమీద పెట్టి కొత్త కొలతలు గీసుకుని, ఆ తర్వాత అంచులు ఆకురాయితో గుండ్రంగా నూరి ఇచ్చాడు. పెన్సిలు గీతలు చెరిపేస్తానంటే వద్దంది.

తలుపు దగ్గర హంఫ్రీ ఆపాడు. "ఇవి పట్టుకుని పబ్బుకి వెళ్తే, 'నేను చెప్పాను, వింది' అనుకుంటాడు టెరెన్స్. ఊరంతా అదే అనుకుంటుంది."

"అనుకోనీ. వాళ్ళు అనుకునేవాటికి నేను జవాబు చెప్పుకోవాలా?"

అలా అనైతే అంది. కానీ ఇంటికి వెళ్ళే దారి పొడుగునా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఒకచోట బండి పక్కకి ఆపి, ఈ చెక్కలు కిటికీలోంచి వాగులోకి విసిరేద్దామా అని కూడా అనుకుంది. టెరెన్స్ నవ్వు కళ్ళముందు కనబడింది. ఆ నవ్వు కోసం నోనీ పాటని మళ్ళీ గోడకి తగిలించాలా అనుకునేసరికి మనసు గట్టిపడింది.

మూడు వారాలు, ఉత్తరాల పని అయ్యాక రోజూ మధ్యాహ్నం కొండమీదికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు వాయించిన మనిషికి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆమె చెయ్యి దెబ్బతో మొదలుపెట్టేది. నోనీ పాట దెబ్బకి ఒక పిసరు ముందు, కమాను తిరిగే చోట మొదలయ్యేది. నా కాలు చూడకు, మోచెయ్యి చూడు అనేది నోనీ. డిలియా మోచెయ్యి చూసింది. మూడో వారంలో ఒక రోజు ఏదో కుదిరింది. నోనీ తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని, ఒక స్లైడ్ లోంచి ఇంకో స్లైడ్ లోకి, దాన్లోంచి ఒక పోల్కాలోకి ఆగకుండా వెళ్ళిపోయింది. ఆపాక టీ పోస్తూ, ఈ ఆదివారం పబ్బుకి వెళ్దాం అంది.

ఆ మాట తను అడుగుదామని డిలియా అనుకుంటూనే ఉంది, భయపడుతూనే ఉంది. టెరెన్స్ బల్ల దగ్గర కుర్చీ వేయిస్తాడంది.

"వాడి బల్లకి ఎవరు వెళ్తున్నారు?" అంది నోనీ. "బ్రీడా గాల్విన్ పబ్బులో బల్లలు ఇంకా లేవా?"

ఆదివారం రెండు గంటలకి ఇద్దరూ గాల్విన్ పబ్బులోకి అడుగుపెట్టారు. చర్చిలో పూజ నుంచి నేరుగా వచ్చి తిష్టవేసిన వాళ్ళు, కర్రలతో బంతిని కొట్టే హర్లింగ్ ఆట చూడ్డానికి టీవీ ముందు చేరిన వాళ్ళు, పెద్ద బల్ల చుట్టూ వాయించేవాళ్ళు ఎనిమిది మంది. డిలియా చేతిలో తెల్లటి చెక్కలు చూడగానే టెరెన్స్ ముఖం విప్పారింది. అందరికీ వినబడేలా, మొత్తానికి తెచ్చుకున్నావన్నమాట, రా, నీ కుర్చీ ఖాళీగానే ఉంది అన్నాడు. నోనీని చూసి లేచి నిలబడి, మిసెస్ టాంగ్నీ, మీరు ఇక్కడ ముందు కూర్చోండి అని దిండున్న కుర్చీ చూపించాడు.

"థాంక్స్ టెరెన్స్," అంది డిలియా. "ఇవి నీకోసం కాదు."

పొయ్యికి అవతల, వెనక తలుపు దగ్గర ఒక చిన్న బల్ల ఉంది. ఎవరూ కూర్చోరు దాని దగ్గర, తలుపు తీసినప్పుడల్లా చలిగాలి కొడుతుంది. ఇద్దరూ అక్కడ కూర్చున్నారు. నోనీ ఫిడేలు తీసి శ్రుతి చూసుకుంది. టెరెన్స్ భుజాలెగరేసి తన వాళ్ళతో ఒక రీల్ మొదలుపెట్టాడు. రెండు అకార్డియన్లు, బాంజో, ఫిడేళ్ళు, అన్నీ కలిసి గోడలు అదిరాయి. అదే సమయానికి నోనీ తన స్లైడ్ మొదలుపెట్టింది.

ఒక్కరికీ వినబడలేదు. డిలియాకే సరిగ్గా వినబడలేదు, మోచెయ్యి చూసి వాయించింది. చూసేవాళ్ళకి ఇద్దరు ఆడవాళ్ళు మూగగా చేతులాడిస్తున్నట్టుంది. టీవీ దగ్గర ఇద్దరు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. యజమానురాలు బ్రీడా గాల్విన్ గ్లాసులు ఏరుకుంటూ వచ్చి వంగి, ఏం చేస్తున్నారమ్మా అని అడిగింది. వాయిస్తున్నాం అంది డిలియా. ఆమెకి లేచి పారిపోవాలనిపించింది. నోనీ మోచెయ్యి మాత్రం నింపాదిగా కదులుతూనే ఉంది, తన వంటింట్లో పొయ్యి పక్కన కూర్చున్నట్టు. దాన్ని చూసి డిలియా కూర్చుంది.

పెద్ద బల్ల రీల్ ఆగింది. అందరూ గ్లాసులందుకున్నారు. అప్పుడు గదిలో ఇంకేదో చప్పుడు మిగిలి ఉందని జనానికి తెలిసింది. సన్నటి ఫిడేలు, దాని పక్కనే ఎండుపుల్లలు విరుగుతున్నట్టు లయ. బార్ దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చున్న మాట్ డాలీ, డెబ్బై దాటిన ఒంటరి మనిషి, ఒకప్పుడు జిల్లా అంతా పేరున్న నర్తకుడు, తల తిప్పి చూశాడు. పక్కనున్న వాణ్ణి మాట్లాడకు అని మోకాలిమీద తట్టాడు. నిశ్శబ్దం స్టూలు నుంచి స్టూలుకి పాకింది. ఎవరో టీవీ గొంతు తగ్గించారు. ఇంకాసేపటికి పూర్తిగా ఆపేశారు, ఆట రెండో సగంలో ఉండగానే.

పాట ముగిసేదాకా టెరెన్స్ మర్యాదగానే ఆగాడు. పాట ముగియలేదు. నోనీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటుకుంటూ పోతోంది. పావుగంట గడిచాక అతను అకార్డియన్ తెరిచి తన వాళ్ళవైపు తల ఊపాడు. బాంజో ఒక్కటే అందుకుంది. కన్సెప్టా ఫ్లూటు మోకాళ్ళ మీద పెట్టుకుని, కుర్చీ చిన్న బల్లవైపు తిప్పి కూర్చుంది. రెండు ఆవర్తాల తర్వాత బాంజో కూడా ఆగిపోయింది. టెరెన్స్ లేచి వచ్చాడు.

చాలా బాగుంది మిసెస్ టాంగ్నీ అన్నాడు. ఇలా విడిగా కూర్చుంటే ఎలా, మా బల్ల దగ్గరికి రండి, మీకు ఒక వంతు ఇస్తాం అన్నాడు.

నోనీ కమాను ఆపి తలెత్తింది. "నాకు నువ్వు వంతు ఇవ్వడమేంటి టెరీ? ఇప్పుడు వాయించిన దాన్ని నీకు పదకొండేళ్ళప్పుడు నేర్పాను. నీకు గుర్తులేదు. పర్లేదు, ఆ కుర్చీ లాక్కుని కూర్చుని విను."

టెరెన్స్ మెడ ఎర్రబడింది. ఆమెని ఏమీ అనలేక డిలియా వైపు తిరిగాడు. నువ్వైనా చెప్పచ్చుగా, మెల్లటి జత తెచ్చుకున్నావు, సంతోషం, ఇంక ఈ పట్టుదలలెందుకు అన్నాడు.

డిలియా కోటు జేబులోంచి నాన్న ఎద్దు ఎముకలు తీసి విల్లో చెక్కల పక్కన బల్లమీద పెట్టింది.

"ఇవీ ఉన్నాయి," అంది. "ఎప్పుడు ఏది మోగాలో నేను చూసుకుంటాను. నోనీ చెప్తే వింటాను. నువ్వు చెప్తే వినను."

గదంతా ఆ మాట విన్నది. అప్పుడే మాట్ డాలీ స్టూలు దిగి, ప్యాంటు పైకి లాక్కుని, నాలుగు పోల్కాలు వాయిస్తే కాలు ఆడిద్దామని ఉంది, నాతో ఎవరొస్తారు అన్నాడు. బ్రీడా తడిచేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని ముందుకొచ్చింది. ఇంకో రెండు జంటలు లేచాయి. బల్లలు గోడకి జరిగాయి. నోనీ కన్సెప్టాని సైగచేసి పిలిచి ఫ్లూటు ఎత్తుకోమంది, తర్వాత డిలియా వైపు చూసి గడ్డంతో ఎద్దు ఎముకలు చూపించింది. బూట్లు నేలమీద పడ్డాయి. డిలియా మణికట్టు పూర్తిగా వదిలేసింది. పబ్బు అద్దాలు ఝణఝణమన్నాయి. తొంభై రోజుల కోపమంతా ఆ చేతిలోంచి బయటికి పోతున్నట్టుంది, ఆమెకి నవ్వు కూడా వచ్చింది.

టెరెన్స్ అకార్డియన్ పెట్టెలో పెట్టుకుని మూడున్నరకి వెళ్ళిపోయాడు. అతనితో ముగ్గురు వెళ్ళారు.

సోమవారం పొద్దున్న డిలియా ఉత్తరాలతో అతని గేటు దగ్గర ఆగింది. అతను ఆమె కోసమే కాచుకున్నట్టు బయట నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. పదేళ్ళు ఆ ఆదివారం వాయింపు సెషన్‌ని నేను నిలబెట్టాను అన్నాడు. నిజమేనంది డిలియా, నువ్వు లేకపోతే ఈ ఊళ్ళో పాటే ఉండేది కాదు, అది ఎవరడిగినా చెప్తానంది. ఆ మాట అతను ఊహించలేదు. మరి రెండో బల్ల పెట్టుకోమని మీకు ఎవరు అనుమతిచ్చారు అన్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు," అంది. "మేం అడగలేదు."

కరెంటు బిల్లు, పోటీల కాగితాలు చేతిలో పెట్టి వ్యాను ఎక్కింది.

టెరెన్స్ వేసవికి తన సెషన్‌ని హోటల్‌కి మార్చుకున్నాడు, గురువారం సాయంత్రాలు. బాగానే నడుస్తోందని విన్నారు. కొందరు రెండు చోట్లకీ వెళ్తారు. కన్సెప్టా మాత్రం ఆదివారం చిన్న బల్లకే వస్తుంది. నోనీ చెయ్యి రోజురోజుకీ నీరసిస్తోంది. కొన్ని ఆదివారాలు రెండు పాటలకంటే ఎక్కువ వాయించలేదు, మిగతావి కన్సెప్టా చేత వాయింపించుకుని వింటుంది. ఒక్క ఆదివారం కూడా మానలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం బస్సుడు జనం పర్యాటకులు దిగి పబ్బు నింపేశారు. నోనీ అప్పుడే ఎవరికీ తెలియని పాత పాట ఒకటి ఎత్తుకుంది. డిలియా వేళ్ళలో విల్లో చెక్కలు మెల్లగా పలుకుతున్నాయి. వెనకనించి ఒకాయన చెయ్యి ఎత్తి, ఇక్కడికి వినబడటం లేదు, కాస్త గట్టిగా వాయించండి అని అరిచాడు.

నోనీ కమాను ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"కుర్చీ పట్టుకుని దగ్గరికి రా నాయనా," అంది.